హెడ్ గాస్కెట్: ఇంటి ముందే దించుదామా, షెడ్డుకి పంపుదామా?

మా పాత మారుతీ 800కి హెడ్ గాస్కెట్ రెండుసార్లు పోయింది. ఇంజన్ బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య సందు లేకుండా పెట్టే పలచని పట్టీ అది. మొదటిసారి షెడ్డులో వేయించాం. రెండోసారి ఇంటి ముందు వేపచెట్టు కింద బాబాయీ నేనూ కలిసి వేశాం. రెండు చోట్లా దెబ్బ తిన్నాను కాబట్టి ఏది మేలో చెప్పే అర్హత కొంచెం ఉందనుకుంటున్నా.

మొదటిసారి మే నెల. విజయవాడ నుంచి ఏలూరు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికెక్కింది. ఇంకెంత దూరంలే అని ఆపకుండా తోలాను. ఆ మొండితనమే కొంప ముంచింది. ఈ కారుకి హెడ్ అల్యూమినియంది. హద్దు మీరి వేడెక్కితే అది వంకర తిరుగుతుంది. ఆ వంకరలోంచి గ్యాసూ నీళ్లూ ఆయిలూ ఒకదాని దారిలోకి ఒకటి వస్తాయి. సైలెన్సర్‌లోంచి తెల్లపొగ, రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ మూత విప్పితే పాలు కలిపిన టీ లాంటి జిగురు. మాకు మూడూ కనిపించాయి. (చూడాలనుకుంటే ఇంజన్ చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.)

షెడ్డులో రెండు రోజుల్లో బండి చేతికిచ్చారు. "ఏం కాదు సార్, కొత్త గాస్కెట్ వేశాం, తోలుకోండి" అన్నాడు మెకానిక్. నాలుగు నెలలకే మళ్లీ తెల్లపొగ. తర్వాత తెలిసిందేమిటంటే వంకర తీయించడానికి హెడ్‌ని లేత్ షాపుకి పంపనే లేదు. వంకర హెడ్ కింద కొత్త గాస్కెట్ పెట్టి చేతి లెక్కతో బిగించేశారు. అసలు బండి ఎందుకు వేడెక్కిందో కూడా ఎవరూ చూడలేదు. ఏళ్ల తరబడి కూలెంట్ బదులు మేం పోసిన బోరు నీళ్ల వల్ల రేడియేటర్ గొట్టాల్లో సగం సున్నం పట్టిపోయింది. ఆ తప్పు మాత్రం పూర్తిగా మాదే.

రెండోసారి బాబాయి రంగంలోకి దిగారు. ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరయిన మనిషి. ఇంట్లో చేయడంలో ఉన్న లాభం ఆయన పక్కన కూర్చున్నాకే అర్థమైంది. ఇక్కడ తొందరపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టుల్ని చివర్ల నుంచి మధ్యకి కొంచెం కొంచెంగా వదులు చేశాం. ఏ బోల్టు ఎక్కడిదో తెలిసేలా అట్టముక్కకి గుచ్చి పెట్టాం. విప్పిన ప్రతి పైపునీ ఫోన్‌లో ఫొటో తీశాను. టైమింగ్ బెల్టు తీసే ముందు గుర్తులు కలిపి చూసుకున్నాం. బ్లాకు పైభాగం శుభ్రం చేయడానికే ఒక పూట పట్టింది. ఉప్పుకాగితం వద్దన్నారు బాబాయి, ఆ రజను ఆయిల్ దారుల్లోకి పోతే బేరింగులు తినేస్తుందట. వేపాకులు సిలిండర్లలో రాలకుండా పాత దుప్పటి కప్పాల్సి వచ్చింది. షెడ్డులో ఈ బాధ ఉండదు.

అయితే ఇంట్లో చేశామని చెప్పుకున్నా, కీలకమైన పని బయటే జరిగింది. హెడ్‌ని గోనెసంచిలో చుట్టి స్కూటర్ మీద ఆటోనగర్ లేత్ షాపుకి తీసుకెళ్లాను. దాని మీద తిన్నని పట్టీ పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు ఎంతుందో కొలిచే పలచని రేకు) ఆకు దూర్చి చూశారు. చాలా ఇంజన్లకి 0.05 మిల్లీమీటర్లే హద్దు. మాది మధ్యలో అంతకంటే చాలా ఎక్కువే వంగింది. పగుళ్లున్నాయేమో ప్రెషర్ పెట్టి చూసి, ఫేసింగ్ కొట్టి, అంటే అడుగుభాగాన్ని సమంగా చెక్కి ఇచ్చారు. ఈ పని ఏ ఇంట్లోనూ కాదు.

బిగించేటప్పుడు బాబాయి బోల్టు రంధ్రాల్లోకి టార్చి వేసి చూశారు. "ఒరే, లోపల నీళ్లుంటే బోల్టు బిగిసిందని మనకి అబద్ధం చెప్తుంది. తుడువు" అన్నారు. తర్వాత మధ్య నుంచి చివర్లకి, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో (ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించాం. రెంచ్ అరువు తెచ్చాం. ఒక్క పనికి మంచిది కొనడం దండగ.

ఇక మా దెబ్బ. తుప్పు పట్టిన ఎగ్జాస్ట్ బోల్టు నా చేతిలో తెగిపోయింది. దాన్ని డ్రిల్ చేసి తీయడానికి మెకానిక్‌నే పిలవాల్సి వచ్చింది. షెడ్డులో తెగితే అది వాళ్ల తలనొప్పి, ఇంట్లో తెగితే మనది. అన్నీ అయ్యాక బండి స్టార్ట్ కాలేదు. ఎర్త్ వైరు బిగించడం మర్చిపోయానని కనిపెట్టడానికి సగం రోజు పోయింది. మొత్తం రెండు ఆదివారాలు, మధ్య వారమంతా బస్సులో ఆఫీసు.

డబ్బు విషయానికొస్తే మిగిలేది లేబర్ ఒక్కటే. గాస్కెట్ సెట్, లేత్ కూలి, కొత్త ఆయిల్, కూలెంట్ ఎక్కడ చేసినా తప్పవు. నీళ్లు కలిసిన ఆయిల్ మిగిలి ఉంటుందని మేం కొన్ని రోజులకే ఆయిల్ మరోసారి మార్చాం కూడా. రేడియేటర్‌లో పోసే లీకు మందుల సంగతి అడక్కండి. నా దృష్టిలో అవి బండి అమ్మేసే రోజు దాకా నెట్టుకొచ్చే ఎత్తు మాత్రమే.

కాబట్టి కార్బురేటర్ కాలం నాటి చిన్న పెట్రోలు బండి అయి, ఇంట్లో ఇంకో బండి ఉండి, పక్కన బాబాయి లాంటి చేయి తిరిగిన మనిషి ఉంటేనే ఇంట్లో దించండి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా షెడ్డే మేలు. కొత్త కామన్ రైల్ డీజిల్ అయితే ఆలోచించనే వద్దు. వాటి ఇంధన పైపుల్లో ప్రెషర్ వేరే స్థాయి. చాలావాటికి హెడ్ బోల్టులు సాగే రకం, ఒకసారి విప్పితే కొత్తవి వేయాల్సిందే.

షెడ్డుకి ఇస్తే మాత్రం "హెడ్ లేత్‌కి వెళ్లేటప్పుడు నేనూ వస్తాను" అని ముందే చెప్పండి. టార్క్ రెంచ్ ఉందా అని అడగండి, మొహమాటపడొద్దు. వేడెక్కడానికి కారణం దొరికే దాకా బండి తీసుకోవద్దు. మేమైతే మళ్లీ బిగించే ముందే రేడియేటర్ మార్పించాం. బోరు నీళ్లు పట్టుకెళ్లే ప్లాస్టిక్ డబ్బాని బాబాయి డిక్కీలోంచి తీసేసి మొక్కల దగ్గర పెట్టారు.