చిన్నాయన మూడెకరాలు: అమ్ముడా, ప్లాట్లకిచ్చుడా, దున్నుకునుడా?

పక్కనున్న 42 ఊర్లను వరంగల్ కార్పొరేషన్‌లో కలిపినప్పటి నుంచి మా శివారు ఏడాదికో తీరుగా ఉంటోంది. పత్తిచేను ముందు బీడు పడుతుంది, తర్వాత హద్దురాళ్లు లేస్తాయి, ఆపై కమాను కట్టి వెంచర్ పేరు రాస్తారు. ఇళ్లు మాత్రం ఎన్నేళ్లకో. అక్కడే మా చిన్నాయనకు రోడ్డు మీద రెండెకరాల చెలక (మెట్ట), చెరువు కింద ఎకరం తరి (మాగాణి) ఉన్నాయి. "ఏం చెయ్యమంటవు బిడ్డా?" అని దసరాకు అడిగిండు.

అమ్మితే డబ్బు ఒకేసారి చేతికొస్తుంది. బిడ్డ పెళ్లి, అప్పు తీరుతాయి. కానీ వ్యవసాయ భూమికి పన్ను లేదన్న మాట నమ్మి మోసపోవద్దు. అది పట్నానికి దూరంగా ఉన్న ఊర్లకే. కార్పొరేషన్‌లో కలిసిన భూమి అమ్మితే లాభం మీద ఆదాయపు పన్ను పడుతుంది. రెండేళ్లుగా సాగులో ఉన్న భూమైతే, అమ్మిన రెండేళ్లలోపు ఇంకోచోట సాగుభూమి కొన్న మేరకు మినహాయింపు దొరుకుతుంది. ఇంకో చిక్కు బయానా. కొంచెం పైసలిచ్చి అగ్రిమెంట్ రాయించుకుని, ఎక్కువిచ్చేవాడు దొరికేదాకా నెలల తరబడి తిప్పే మధ్యవర్తులు మా దగ్గర కొదవ లేరు.

ప్లాట్లకిస్తే కాగితం మీద లెక్క ఊరిస్తుంది. ఎకరమంటే 4,840 గజాలు. అందులో రోడ్లు, పార్కు పోను మిగిలినదాంట్లోనే వెంచర్ చేసేవాళ్ల వాటా, మన వాటా. అనుమతి ఎప్పుడొస్తుందో, ప్లాట్లు ఎప్పుడు అమ్ముడవుతాయో చెప్పే నాథుడుండడు, జీపీఏ, అంటే మన తరఫున వ్యవహారం నడిపే అధికారం, రాసిచ్చాక మన చెయ్యి కిందవుతుంది. పదెకరాలుండి, ఇంట్లో ఒకరికి నౌకరీ ఉంటే ఆగొచ్చు. చిన్నాయన ఆగలేడు. 2022లో ఔటర్ రింగు రోడ్డు చుట్టూ సర్కారు ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు తీసుకుని, ప్లాట్లు చేసి కొంత తిరిగివ్వడం) అన్నప్పుడు రైతులు రోడ్డెక్కింది ఊరికే కాదు, ఆఖరికి దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఇక దున్నుకోవడం. పత్తి అయితే వద్దనే అంటాను, ఏరే కూలీలు దొరకరు. పట్నం పక్కనుండి పత్తి పెట్టడం నాకెప్పుడూ అర్థం కాదు. తోటకూర, పాలకూర పోస్తే పొద్దున కోసి హన్మకొండ రైతుబజార్‌లో మనమే అమ్ముకోవచ్చు. కోతుల బాధ ఒకటుంది, దానికి కాపలా తప్ప మందు లేదు. ఎకరానికి ఏడాదికి 12,000 రైతు భరోసా చిన్నదే గానీ, నాలా చేయిస్తే, అంటే భూమిని వ్యవసాయేతరంగా మార్పిస్తే, అదీ ఆగుతుంది.

తరి సంగతి మాత్రం వేరు. ఎవరెంత ధర చెప్పినా అది అమ్మొద్దన్నాను. చెరువు నిండి అలుగు దుంకితే నీళ్లు పోయేది దాని మీదుగానే. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీలు ఎట్ల మునిగినయో చూసినవాళ్లం. నీళ్లు పోయే నాలాలు ఇరుకై, నీళ్ల దారిలో ఇళ్లు లేచినచోటే ఎక్కువ ఆగమైంది. అక్కడ ప్లాటు అమ్మితే మన పైసలు మనకొస్తాయి, కొన్నోడి ఇంట్లోకి నీళ్లొస్తాయి.

ఆఖరికి చెలకలో ఒక ఎకరం అమ్మకానికి పెట్టాం. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ కాకపోతే బయానా మనదేనని అగ్రిమెంట్‌లో నేనే రాయించాను. రెండో ఎకరంలో చిన్నమ్మ తోటకూర పోసింది. కోతులకు కాపలా చిన్నాయనే.