పదకొండేళ్లు కేరళ లాటరీ కొన్నాను, నా లెక్క ఇది

నాది చిత్తూరు. లారీ డ్రైవర్ని. టమాట సీజన్లో మదనపల్లె నుంచి, మామిడి సీజన్లో మా చిత్తూరు మండీల నుంచి, మిగతా నెలల్లో బెల్లమో ఇంకేదో దొరికిన లోడు వేసుకుని కేరళకు పోతుంటాను. కాట్పాడి, కృష్ణగిరి, సేలం, కోయంబత్తూరు దాటి వాళయార్ దగ్గర కేరళలో అడుగు పెట్టగానే రోడ్డు పక్కన లాటరీ బంకులు కనిపిస్తాయి. 2013 నుంచి 2024 దాకా టికెట్టు కొనకుండా తిరిగొచ్చిన ట్రిప్పులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పటికీ స్టాండులో పిల్లలు అడుగుతుంటారు, "అన్నా, నిజంగా తగులుతుందా, లేకపోతే అంతా మోసమా" అని. అంతకాలం కొన్నవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మోసం కాదు. ఇది ముందే చెప్పాలి. 1967లో కేరళ ప్రభుత్వమే మొదలుపెట్టి, 1968 జనవరి 26న మొదటి డ్రా తీసింది, అప్పుడు టికెట్టు ఒక్క రూపాయి, మొదటి బహుమతి 50,000. అప్పట్నుంచి ప్రభుత్వమే నడుపుతోంది. రోజుకో పేరుతో టికెట్టు, మధ్యాహ్నం 3 గంటలకు తిరువనంతపురంలో డ్రా, సాయంత్రానికి ఫలితాల కాగితం ప్రతి బంకులో వేలాడుతుంది. 5,000 లోపు తగిలితే ఏ బంకులోనైనా అక్కడికక్కడే ఇచ్చేస్తారు, నాకు ఎప్పుడూ ఇవ్వకుండా పోలేదు. టికెట్టు వెనకాల పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టుకోవాలి, 30 రోజుల్లోపు చూపించాలి, అంతే. ఈ విషయంలో వంక పెట్టడానికేం లేదు.

మరి నేనెందుకు మానేశాను అంటే, మొదట మా నాయన సంగతి చెప్పాలి.

మా నాయన బెల్లం మండీలో మూటలు మోసేవాడు. పని మీద కాట్పాడి పోయినప్పుడల్లా తమిళనాడు టికెట్టు ఒకటి తెచ్చుకుని, వెంకటేశ్వరస్వామి పటం వెనక దోపేవాడు. డ్రా అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తగిలితే కొండకు నడిచి వస్తానని మొక్కుకుని, పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టేవాడు. 2003 జనవరిలో తమిళనాడు లాటరీలు రద్దు చేసింది, 2007లో కర్ణాటక కూడా ఆపేసింది, మన ఆంధ్రలో ఎలాగూ నడవదు. మాకు అటూ ఇటూ ఉన్న రెండు రాష్ట్రాల్లోనూ తలుపులు మూసేశారన్నమాట. మా నాయన పోయాక పటం తుడుస్తుంటే వెనకాల నాలుగు పాత టికెట్లు రాలాయి, రంగు వెలిసిపోయి, మూలలు చెదలు తినేసి. ఆయన ఏ రోజూ వాటి గురించి బాధపడ్డట్టు నేను చూడలేదు. అందుకే వాళయార్‌లో మొదటిసారి టికెట్టు చేతిలో పట్టుకున్నప్పుడు నాకు తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. మా నాయన చేసిన పనే చేస్తున్నాననిపించింది.

మామూలు వారం టికెట్టు 2020కి ముందు 30 రూపాయలు, 2020లో 40 అయింది, 2025లో 50 చేశారు. టికెట్టు మీద రెండు అక్షరాలు, ఆరు అంకెలు ఉంటాయి. మొదటి బహుమతి కావాలంటే అక్షరాలతో సహా మొత్తం కలవాలి. చిన్న బహుమతులకు చివరి నాలుగంకెలు కలిస్తే చాలు. పన్నెండు సిరీస్‌లు, ఒక్కోదాంట్లో తొమ్మిది లక్షల టికెట్లు, అంటే కోటీ ఎనిమిది లక్షల టికెట్లలో ఒక్కదానికి మొదటి బహుమతి. ఈ లెక్క నాకు చాలా ఏళ్లు తెలియదు. తెలిసినా ఆగేవాడిని కానేమో, ఎందుకంటే కోటిలో ఒకటి అంటే ఎంత తక్కువో మన బుర్రకు అందదు, ఎవరికో ఒకరికి తగులుతుంది కదా అన్నది మాత్రం వెంటనే అందుతుంది.

అక్కడ 'సెట్టు' అని ఒకటి అమ్ముతారు. చివరి అంకెలు ఒకటే ఉన్న టికెట్లు, పన్నెండు సిరీస్‌లవీ కలిపి ఒక కట్ట. తగిలితే పన్నెండింటికీ తగులుతుంది. 2021లో ఒకసారి 480 పెట్టి సెట్టు తీసుకుంటే ఒక్కో టికెట్టుకు 500 చొప్పున 6,000 వచ్చింది. బంకు అతను నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెడుతుంటే చుట్టూ పదిమంది చేరారు. ఆ రోజు క్లీనరు పిల్లోడికి 500 ఇచ్చాను, ఇంటికి హల్వా తెచ్చాను, స్టాండులో అందరికీ చెప్పాను. ఆ 6,000 నన్ను పట్టేసింది. తర్వాత ఆరు నెలలు ప్రతి ట్రిప్పుకూ సెట్టే కొన్నాను, పదకొండేళ్లలో నేను ఎక్కువ పోగొట్టుకున్నది ఆ ఆరు నెలల్లోనే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే, ఏమీ తగలని టికెట్టు కంటే చిన్న మొత్తం తగిలిన టికెట్టు ప్రమాదం.

ఈ లెక్కలన్నీ ఎలా తెలిశాయంటే, డీజిల్, టోల్, బత్తా రాసుకునే నోటు పుస్తకంలోనే చివరి పేజీల్లో టికెట్ల డబ్బు కూడా రాసేవాడిని. 2024లో మా పాప తిరుపతిలో బీకాం చేరింది, ఫీజుకు డబ్బు సర్దుతూ ఆ పాత పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఫోన్‌లో కూడుకుంటూ పోయింది. మధ్యలో ఒకసారి ఆగి, "నాయనా, ఇక్కడ మూడు అనా, ఎనిమిదా" అని అడిగింది, అంతకంటే ఒక్క మాట అనలేదు. చివరికి ఫోన్ నా వైపు తిప్పింది. కొన్నది 1,81,240. తగిలింది మొత్తం 42,700. ఫీజు కోసం మేము అప్పుడు అడుగుతున్న అప్పు 40,000.

ఒక్కసారి కూడా నేను లక్షా ఎనభై వేలు ఖర్చు పెట్టలేదు. ఎప్పుడూ 200, 400, అది కూడా బత్తాలో మిగిల్చుకున్నది. మధ్యాహ్నం భోజనం మానేసి రెండు అరటిపళ్లు తిన్న రోజులున్నాయి. ఇంట్లో మా ఆవిడ నెలకు వెయ్యి చీటీ కట్టేది, ఆ చీటీ డబ్బుతోనే రేకులు తీసేసి స్లాబు వేసుకున్నాం. నెలకు నేను టికెట్లకు పెట్టింది ఆ చీటీ కంటే ఎక్కువే.

అప్పుడే మా పాప ఇంకో లెక్క చూపించింది. 40 రూపాయల టికెట్టులో అప్పట్లో 28 శాతం జీఎస్టీ కలిసే ఉండేది, అంటే 8 రూపాయల 75 పైసలు. 2025 సెప్టెంబరు 22 నుంచి లాటరీ మీద జీఎస్టీ 40 శాతం, ఇప్పుడు 50 రూపాయల టికెట్టులో 14 రూపాయల పైచిలుకు పన్నే. పెద్ద కార్లకు వేసే రేటు కూడా అదే 40. మూటలు మోసేవాడి యాభై రూపాయల కాగితానికీ, షోరూములో లక్షలు పోసి కొనే కారుకూ ఒకటే రేటు. నేను ఇన్‌కం టాక్స్ కట్టేంత ఎప్పుడూ సంపాదించలేదు, మా ఇంటి పన్ను ఏడాదికి ఎంతో చెబితే మీరు నమ్మరు, అయినా ఆ పదకొండేళ్లూ నేను బుద్ధిగా పన్ను కట్టాను, అది కూడా లైన్లో నిలబడి. జీఎస్టీ ఒక్కటే కాదు, బహుమతులూ, అమ్మేవాళ్ల కమీషనూ పోగా మిగిలిన లాభం కూడా ఖజానాకే. బడ్జెట్ లెక్కల్లో మాత్రం లాటరీ డబ్బును పన్నేతర ఆదాయం కింద చూపిస్తారు. పన్ను పెంచితే జనం రోడ్డెక్కుతారు, లాటరీ టికెట్టు ధర పెరిగితే ఎవరూ ధర్నా చేయరు, ఇష్టం లేకపోతే కొనొద్దు అంటారు. నిజమే, ఎవరూ బలవంతం చేయలేదు. కానీ ఆ బంకు ముందు ఎవరు నిలబడతారో పదకొండేళ్లు చూశాను. హమాలీలు, మాలాంటి డ్రైవర్లు, బెంగాల్ నుంచి కూలికొచ్చిన పిల్లలు, ఆసుపత్రి చీటీ చేతిలో పట్టుకుని వచ్చిన ఆడవాళ్లు. కార్లు కూడా ఆగుతాయి, ఓణం పండగకు తీసే పెద్ద లాటరీ, ఓణం బంపర్ రోజుల్లో. రోజూ వచ్చేది మాత్రం ఏ నెలకా నెల సరిపోనివాళ్లే. నెల చివర ఇబ్బంది లేనివాడికి కోటి రూపాయలు ఒక సరదా. అప్పుల్లో ఉన్నవాడికి ఆ టికెట్టు తప్ప బయటపడే దారి ఇంకోటి కనబడదు. అందుకే వాడే ఎక్కువ కొంటాడు.

తగిలినా మొత్తం రాదు, ఇది కూడా తెలుసుకోండి. కోటి తగిలిందనుకుంటే సుమారు పది శాతం అమ్మిన ఏజెంటుకు. మిగిలిన 90 లక్షల మీద 30 శాతం పన్ను, దాని మీద సర్‌ఛార్జి, సెస్సు. చేతికొచ్చేది సుమారు 59 లక్షలు. లాటరీ డబ్బుకు మామూలు ఆదాయానికి ఉండే మినహాయింపు పరిమితి వర్తించదు, అంతకుముందు ఎన్ని వేలు టికెట్లకు పోసినా ఆ ఖర్చు చూపించుకోనివ్వరు. కొన్నప్పుడు పన్ను, గెలిస్తే మళ్లీ పన్ను.

ఓణం బంపర్ సంగతి వేరు, అది 500 టికెట్టు, 2022 నుంచి మొదటి బహుమతి 25 కోట్లు. ఆ ఏడాది మా స్టాండులో అయిదుగురం తలా 100 వేసుకుని ఒకటి తెప్పించాం. డ్రా అయిన ఆదివారం ఎవరూ లోడుకు పోలేదు. వేపచెట్టు కింద అయిదుగురం ఒక ఫోన్ చుట్టూ కూర్చుని, ఎవరి వాటాతో ఎవరేం చేయాలో మాట్లాడుకున్నాం. మాలో పెద్దాయన, మేమంతా మామా అని పిలుస్తాం, నాకు లారీ వద్దు ఏమీ వద్దు, కంటికి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో కూర్చుంటాను అన్నాడు. తగిలింది తిరువనంతపురంలో ఒక ఆటో డ్రైవర్‌కు, పిల్లవాడి హుండీ పగలగొట్టి కొన్నాడట. మాకు అదే పెద్ద సంతోషం, మనలాంటివాడికే వచ్చింది అని. పన్నులన్నీ పోగా అతనికి 13 కోట్లు కూడా మిగల్లేదు, ఆ వారంలోనే సాయం అడిగేవాళ్ల తాకిడికి ఇంట్లో ఉండలేకపోతున్నానని, ఈ బహుమతి రాకుండా ఉంటే బాగుండేదని టీవీల ముందు చెప్పుకున్నాడు. మామ కంటి ఆపరేషన్ ఇంకో ఏడాదిన్నరకు ఆరోగ్యశ్రీలో అయింది.

మంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. కారుణ్య లాటరీ డబ్బుతో అక్కడ గుండె, కిడ్నీ, క్యాన్సర్ రోగులకు సాయం చేశారు. అమ్మేవాళ్లలో కాళ్లు లేనివాళ్లు, చూపు లేనివాళ్లు చాలామంది ఉంటారు, నేను కొనే అతను కూడా ఊతకర్రల మీదే నిలబడి అమ్ముతాడు, ఇద్దరు ఆడపిల్లల పెళ్లి దీనిమీదే చేశాడు. లాటరీ ఆపెయ్యండి అని నేను అనలేను, అతని ముఖం గుర్తొస్తుంది. నాకు తోచేది ఒకటే. రోగికి సాయం చేయాల్సిందే, కానీ ఆ డబ్బు హమాలీ బత్తాలోంచే ఎందుకు రావాలి? ఇంకోవైపు చూడండి, కోయంబత్తూరు కేంద్రంగా ఈశాన్య రాష్ట్రాల టికెట్లు అమ్మే ఒక లాటరీ కంపెనీ పార్టీలకు చందాగా ఇచ్చే ఎన్నికల బాండ్లు 1,368 కోట్లకు కొన్నట్టు 2024 మార్చిలో ఎన్నికల సంఘం బయటపెట్టిన జాబితాలో ఉంది, దేశంలో అందరికంటే ఎక్కువ. అవి కేరళ టికెట్లు కాదు, అప్పట్లో ఒక్కోటి ఆరు రూపాయలే. ఆరు ఆరు రూపాయలు కలిస్తే అంత అవుతుందని ఆ జాబితా చూశాకే నాకు అర్థమైంది.

ముఖ్యంగా మన జిల్లావాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. కేరళ లాటరీ ఫోన్‌లో అమ్మరు, కాగితం టికెట్టు మాత్రమే, అది కూడా కేరళలోనే. వాట్సాప్‌లో టికెట్టు ఫొటో పంపి డబ్బు వేయమనేవాళ్లంతా దొంగలే. పుత్తూరులో మా బావమరిదికి ఐదు లక్షలు తగిలిందని మెసేజ్ పెట్టి, ముందు జీఎస్టీ కట్టమని 18,000 లాగేశారు. చెల్లెలి గొలుసు తాకట్టు పెట్టి కట్టాడు. లాటరీ కొనడమే తప్పేమో అన్న భయంతో పోలీస్ స్టేషన్‌కు కూడా పోలేదు.

మార్కులు వేయమంటే, నిజాయితీకి 5కు 4, చెప్పిన పని చేయడానికి, అంటే నా బతుకు మార్చడానికి, సున్నా.

ఇప్పుడు వారం టికెట్లు మానేసి ఏడాది దాటింది. ఆ డబ్బు మా ఆవిడ చేతికిస్తున్నాను, ఆమె ఇంకో చీటీ వేసింది. ఓణానికి స్టాండులో 100 మాత్రం వేస్తున్నాను, అయిదుగురూ వేస్తారు కాబట్టి. పోయిన నెల వాళయార్‌లో టీకి ఆగితే ఊతకర్రల అతను దూరం నుంచే నన్ను చూసి టికెట్ల కట్ట పైకెత్తాడు. తల అడ్డంగా ఊపాను. దగ్గరికొచ్చి, అడగకుండానే పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ టీ చెప్పాను. పాప చదువు ఎలా సాగుతోందని అడిగాడు, రెండో ఏడాదిలో ఉందని చెప్పాను.