వెలుతురు పడని పిల్లలకు బడిలో ఏవి నయం: నల్ల కళ్లద్దాలా, గులాబీ టింట్ అద్దాలా?

మైగ్రేన్ ఉన్న పిల్లలు ట్యూబులైటు కింద కళ్లు చిట్లిస్తుంటే పెద్దవాళ్లకు ముందుగా తోచేది నల్ల కళ్లద్దాలు. ఎండలో అవి మంచివే, ఆటల పీరియడ్‌లో అంచున్న టోపీతో కలిపి పెట్టుకోనివ్వండి. తరగతి గదిలో మాత్రం వద్దు. గంటల తరబడి చీకటికి అలవాటుపడిన కన్ను, అద్దాలు తీయగానే మామూలు వెలుతురును కూడా ఓర్చుకోలేదు. రానురానూ ఆ బాధ పెరుగుతుందే తప్ప తగ్గదు. పైగా బోర్డు మీది అక్షరాలు సరిగా కనబడవు.

గదిలోపల ఎఫ్‌ఎల్-41 అనే గులాబీ టింట్, అంటే అద్దానికి పట్టించే గులాబీ ఛాయ, నయం. ఇది వెలుతురునంతా ఆపదు. నొప్పిని ఎక్కువగా రేపే నీలి-ఆకుపచ్చ కాంతిని, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 480 నుంచి 520 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్ని, ప్రధానంగా తగ్గిస్తుంది. పవర్ అద్దాలకూ ఇదే టింట్ వేయించవచ్చు. ఫ్రేము పక్కలకు వంపు తిరిగి ఉండాలి, లేదంటే కిటికీ వెలుతురు పక్కనుంచి దూరుతుంది. రంగులు కాస్త మారి కనిపిస్తాయి కాబట్టి మ్యాపులు, కెమిస్ట్రీ ప్రయోగాల్లో రంగు గుర్తించాల్సినప్పుడు తీసి చూడమనండి. గులాబీ రంగున్న ఫ్యాషన్ అద్దాలన్నీ ఈ పని చేయవు. ఏ కాంతిని ఎంత ఆపుతాయో కొనేముందు అడగాలి.

ఏవి పెట్టినా, మినుకుమినుకుమనే ట్యూబును మార్పించడం, పిల్లను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టకపోవడం ముందు జరగాలి. నొప్పి మొదలయ్యాక అద్దాలు దాన్ని ఆపలేవు. డాక్టరు రాసిన మందు వెంటనే ఇచ్చి, చీకటి గదిలో పడుకోనివ్వమని టీచరుకు రాసివ్వండి. జ్వరం, మెడ బిగుసుకుపోవడంతో పాటు హఠాత్తుగా వెలుతురు పడకపోతే మైగ్రేనే అనుకోవద్దు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.