ఓర్లాండోనా, అనాహైమా? మధ్యాహ్నం ఒంటిగంటకు తేలే లెక్క

మార్చి వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. "సమ్మర్‌లో పిల్లలతో ఓర్లాండో మేలా, ఎల్ఏ వైపు మేలా?" అడిగేవాళ్ళు మారతారు, ప్రశ్న మాత్రం అదే. ఓర్లాండో ఫ్లోరిడాలో, ఎల్ఏ వైపు అంటే కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ దగ్గరి అనాహైమ్; రెండుచోట్లా డిస్నీ పార్కులున్నాయి. మేము వరసగా రెండు వేసవుల్లో రెండూ తిరిగొచ్చామని అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఈసారి నన్ను నేరుగానే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. రెండుసార్లూ మేము ఆరుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. ఓర్లాండో వెళ్ళేటప్పటికి పాపకి ఐదేళ్ళు నిండలేదు, బాబుకి ఎనిమిది. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మీ ఇంట్లో అందరూ పొద్దున్నించి రాత్రి దాకా పరుగెత్తగలిగినవాళ్ళే అయితే నేను చెప్పేదాంట్లో సగం మీకు పనికిరాదు, హాయిగా ఓర్లాండో వెళ్ళిపోండి.

కాగితం మీద చూస్తే ఓర్లాండోకి పోటీయే లేదు. డిస్నీవే నాలుగు పార్కులు: 1971లో మొదలైన మ్యాజిక్ కింగ్‌డమ్, తర్వాత ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. నీళ్ళ పార్కులు రెండు అదనం. యూనివర్సల్‌కి 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌తో కలిపి మూడు పార్కులు, నీళ్ళ ఆటలకి వోల్కనో బే వేరే. సీవరల్డ్ ఉంది, కాస్త దూరంలో లెగోలాండ్ ఉంది. డిస్నీ స్థలమే దాదాపు 40 చదరపు మైళ్ళు, అంటే ఇంచుమించు శాన్ ఫ్రాన్సిస్కో నగరమంత. అనాహైమ్‌లో డిస్నీ పార్కులు రెండే: 1955 నాటి అసలు డిస్నీల్యాండ్, 2001లో వచ్చిన కాలిఫోర్నియా అడ్వెంచర్. హాలీవుడ్‌లోని యూనివర్సల్ అక్కడి నుంచి ముప్పై మైళ్ళ పైమాటే. కార్ల్స్‌బాడ్ లెగోలాండ్, శాన్ డియేగో జూ ఇంకా కిందికి, ఐ-5 హైవే మీద.

పార్కులు ఎన్ని ఉంటే ఏం, మనం ఎక్కే రైడ్లు మన ఓపికను బట్టే కదా. అందుకే నన్ను అడిగినవాళ్ళను నేను ఎదురడిగేది ఒక్కటే. మధ్యాహ్నం ఒంటిగంటకు పాప రాగం అందుకుంటే, ఎంతసేపట్లో హోటల్లో మంచం మీద పడుకోబెట్టగలరు? నా వరకు ట్రిప్పు బాగుండటం, పాడవటం ఈ లెక్క మీదే ఉంది.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మా మొదటి రోజు చెప్తాను. జూలై రెండోవారం. ఎండ 92 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 33. సంఖ్య చూసి మామయ్యగారు "విజయవాడ మే నెల ముందు ఇదెంత!" అన్నారు. పదకొండు గంటలకల్లా ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఉక్కపోత అలాంటిది, చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఒంటిగంటకు పాప స్ట్రోలర్‌లోంచి దిగనని, ఎక్కనని, రెండూ ఒకేసారి ఏడుపు. సరే, హోటల్‌కి పోయి సాయంత్రం వద్దామనుకున్నాం. కానీ ఆ పార్కు గేటు పక్కన కార్ పార్కింగ్ ఉండదు. గేటు బయట ఫెర్రీ కోసం నిలబడాలి, లేదా మోనోరైలు ఎక్కాలి. చెరువు దాటాక ట్రామ్. ట్రామ్ దిగాక ఎండలో కాలిపోతున్న కారు వెతుక్కోవాలి. తర్వాత హోటల్ దాకా డ్రైవింగ్. మొత్తం గంటా పది నిమిషాలు. పాప నిద్ర కారులోనే అయిపోయింది! హోటల్లో దిగగానే హుషారుగా పూల్ అంది. మాకు మాత్రం తిరిగి అన్నీ ఎక్కి దిగే ఓపిక లేదు. ఆ రోజు టికెట్టు సగం బూడిదలో పోసిన పన్నీరే.

షటిల్, అంటే హోటల్ నుంచి పార్కుకి తిప్పే బస్సు, ఉందిగా అంటారేమో. మా హోటల్ వాళ్ళు బుకింగ్ అప్పుడు "షటిల్ ఉంది" అన్నమాట నిజమే, కానీ అది పొద్దున ఒకసారి పోయి రాత్రి ఒకసారి వస్తుందని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. బుక్ చేసే ముందు టైమింగులు అడిగి రాయించుకోండి. డిస్నీ సొంత హోటళ్ళలో మోనోరైలు ఆగేవి ఉన్నాయి, వాటిలో దిగితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఆ హోటళ్ళ రేట్లు చూశాక మేము ల్యాప్‌టాప్ మూసేశాం.

రెండో రోజు వాన. వేసవిలో అక్కడ మధ్యాహ్నం పూట వాన దాదాపు రోజూ ఉండేదే. ఫ్లోరిడా సన్నటి నేల, అటు అట్లాంటిక్, ఇటు మెక్సికో గల్ఫ్. నేల వేడెక్కేకొద్దీ రెండువైపుల నుంచీ సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది. ఆ రెండు గాలులూ నడిమధ్యన ఢీకొని పైకి లేచి ఉరుములు, మెరుపుల వాన అవుతుంది. ఓర్లాండో ఉన్నది ఆ నడిమధ్యనే. వాన గంటలో వెలుస్తుంది, దానికి భయపడక్కర్లేదు. కానీ దగ్గర్లో మెరుపులుంటే ఆరుబయట రైడ్లన్నీ ఆపేస్తారు. అప్పుడు పార్కులో ఉన్న జనమంతా పైకప్పు ఉన్న రైడ్ల మీద పడతారు. క్యూ ఎంత పెరుగుతుందో చెప్పక్కర్లేదు. పోంచోలు (ప్లాస్టిక్ వాన కోట్లు) మాత్రం ఇంటి దగ్గరే డాలర్ స్టోర్‌లో కొని సంచీలో పడేసుకోండి.

అనాహైమ్‌లో ఇదే ఒంటిగంట వేరేలా గడిచింది. హార్బర్ బులెవార్డ్ మీద, పార్కుకి ఎదురుగా బోలెడు మామూలు హోటళ్ళున్నాయి. మేము దిగినదాంట్లోంచి గేటు దాకా నడక పది నిమిషాలు. రెండు పార్కుల గేట్లూ ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో ఒక పెద్ద వాకిలి అంతే. పొద్దున ఎనిమిదికి వెళ్ళి ఒంటిగంటకు గదికి వచ్చేవాళ్ళం. ఏసీ, పెరుగన్నం, నిద్ర. అయిదుకి మళ్ళీ పార్కు. మామయ్యగారు రెండోరోజు పొద్దున అసలు కదల్లేదు. "అమ్మా, మీరు పోయి రండి, నేను సాయంత్రం వస్తాలే" అన్నారు. అన్నట్టుగానే సాయంత్రం తీరిగ్గా కాఫీ తాగి, టికెట్టు ఫోన్‌లో పెట్టుకుని, ఒక్కరే నడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర మాకోసం నిలబడ్డారు! ఓర్లాండోలో రోజంతా అద్దె వీల్‌చైర్‌లో ముఖం వేలాడేసుకున్న మనిషి ఈయనేనా అనిపించింది. ఎండ ఉంది, ఉక్క లేదు. రాత్రి బాణసంచా చూసేటప్పుడు అత్తయ్యగారు శాలువా అడిగారు, జూలైలో.

లోటు లేకపోలేదు. ఓర్లాండో సిండ్రెల్లా కోట 189 అడుగులు, అనాహైమ్ కోట 77 అడుగులు. మా పాప దాన్ని చూసి "ఇంతేనా?" అంది. దారులు ఇరుకు, సాయంత్రాలు జనం భుజాలు రాసుకుంటూ నడవాలి. యూనివర్సల్ చూడాలంటే ఎల్ఏ ట్రాఫిక్‌లో ఒకరోజు బలి. హ్యారీ పోటర్ పిచ్చి ఉన్న పిల్లలున్నవాళ్ళకి ఓర్లాండోనే న్యాయం, అక్కడ ఆ సెట్టింగు ఒక్కో యూనివర్సల్ పార్కులో ఒకటి చొప్పున మూడుచోట్ల ఉంది.

ఎత్తు సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. స్పేస్ మౌంటెన్ అనే రైడు రెండుచోట్లా ఉంది. ఓర్లాండోలో ఎక్కాలంటే 44 అంగుళాలుండాలి, అనాహైమ్‌లో 40 చాలు. ఓర్లాండోలో మా పాప 41. కొలకర్ర దగ్గర నిలబెట్టి, తల అడ్డంగా ఊపి పంపించేశారు. అన్నయ్య ఎక్కి వచ్చి చేసిన వర్ణన అదనపు హింస. మరుసటి వేసవికి 43న్నర అయింది, ఓర్లాండోలో అయితే మళ్ళీ వెనక్కే. అనాహైమ్‌లో రెండుసార్లు ఎక్కింది. పిల్లలు ఆ మధ్య ఎత్తుల్లో ఉంటే ఇంటి దగ్గరే గోడకి నిలబెట్టి కొలిచి, ఏ రైడుకి ఎంతో యాప్‌లో చూసుకుని బయల్దేరండి. అన్నట్టు, చిన్నవాళ్ళు ఎక్కలేని రైడ్లకి తల్లిదండ్రులు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళే రైడర్ స్విచ్ రెండుచోట్లా ఉంది, రెండోవాళ్ళు మొత్తం క్యూలో మళ్ళీ నిలబడక్కర్లేదు.

బీచ్ దగ్గర నేను ఫ్లోరిడా పక్షం. ఓర్లాండో నుంచి కోకోవా బీచ్ గంట ప్రయాణం, టోల్ రోడ్డు. జూలైలో నీళ్ళు గోరువెచ్చన. పిల్లలు మూడు గంటలు బయటికి రాలేదు. కెనడీ స్పేస్ సెంటర్ దగ్గర్లోనే, ఒకరోజు రెండూ కలుపుకోవచ్చు. గల్ఫ్ వైపు క్లియర్‌వాటర్ అయితే రెండు గంటలు పడుతుంది కానీ తెల్లటి ఇసుక, చిన్న అలలు, బుడిబుడి నడకల పిల్లలకి అదే మంచిది. కాలిఫోర్నియాలో హంటింగ్టన్ బీచ్ అనాహైమ్‌కి పదిహేను మైళ్ళే, చూడ్డానికి ఎంత అందమో చెప్పలేను. కానీ పసిఫిక్ నీళ్ళు నడివేసవిలో కూడా చల్లనే. అత్తయ్యగారు చీర కుచ్చిళ్ళు పట్టుకుని పాదం పెట్టి, "అమ్మో" అని ఒక్క గెంతు. పైగా మే, జూన్‌లలో ఆ చల్లటి సముద్రం మీంచి మబ్బు పొర ఒడ్డుకి వచ్చి మధ్యాహ్నం దాకా కదలదు. దాన్ని అక్కడివాళ్ళు జూన్ గ్లూమ్ అంటారు. ఎండ కోసం వెళ్ళేవాళ్ళు జూన్‌లో పొద్దున్నే బీచ్ ప్లాన్ చేసుకోవద్దు. మేము సాయంత్రాలు వెళ్ళాం. ఎనిమిదింటికి సూర్యుడు నీళ్ళలోకి దిగుతుంటే, ఇసుకలో సిమెంటు గుంటల్లో జనం నెగళ్ళు వేసుకున్నారు. ఈతకి ఫ్లోరిడా, కూర్చోడానికి కాలిఫోర్నియా.

షాపింగ్‌కి పెద్ద తేడా లేదు. ఓర్లాండోలో ప్రీమియమ్ ఔట్‌లెట్లు రెండు, ఒకటి ఇంటర్నేషనల్ డ్రైవ్ చివర, ఇంకోటి డిస్నీ దగ్గర వైన్‌లాండ్‌లో. మాల్స్ కావాలంటే మిలేనియా, ఫ్లోరిడా మాల్. మెరుపులొచ్చిన మధ్యాహ్నం మేము ఫ్లోరిడా మాల్‌లోనే తలదాచుకున్నాం. అటువైపు కోస్టా మెసాలో సౌత్ కోస్ట్ ప్లాజా ఉంది, అది చూడ్డానికే. కొనడానికి ఐ-5 పక్కన సిటడెల్ ఔట్‌లెట్స్. దాని ముందుగోడ పూర్వం టైర్ల ఫ్యాక్టరీది, పాత రాజుల కోటలా ఉంటుంది. మామయ్యగారు ఫోటోలు అక్కడే ఎక్కువ తీసుకున్నారు. ఇండియా తీసుకెళ్ళే సామాను కోసం అత్తయ్యగారి లిస్టు రెండు పేజీలు, ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు, ఆ గొడవ ఎక్కడైనా ఒకటే. ట్యాక్స్ ఓర్లాండోలో 6.5 శాతం, అనాహైమ్‌లో 7.75, లాస్ ఏంజెలెస్‌లో 9.75. వెయ్యి డాలర్లు కొంటే అనాహైమ్‌తో తేడా పన్నెండున్నర డాలర్లు. దాన్ని బట్టి ఊరు ఎంచుకునేవాళ్ళు ఉండరనుకుంటాను, మా ఆయన తప్ప. పెద్దవాళ్ళకి ఇడ్లీ, సాంబారు కావాలంటే ఆర్టీసియాలో పయనీర్ బులెవార్డ్ అనాహైమ్‌కి దగ్గరే. రెండు డిస్నీల్లోకీ ఇంటి తిండి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. మా పులిహోర డబ్బాలు రెండుచోట్లా సెక్యూరిటీ దాటాయి.

డబ్బు లెక్క రోజుల లెక్కే. డిస్నీల్యాండ్ ఒకరోజు టికెట్టు చవక రోజున 104 డాలర్లు, రద్దీ రోజున 200 దాటుతుంది. ఓర్లాండోలోనూ రద్దీ రోజుల్లో అదే స్థాయి. మూడేళ్ళ లోపు పిల్లలకి రెండుచోట్లా టికెట్టు లేదు. అసలు తేడా ఏమిటంటే, అనాహైమ్ అయిదు రోజుల్లో తృప్తిగా ముగుస్తుంది. ఓర్లాండోకి వారం పెట్టినా ఏదో మిగిలిపోయిందనే వస్తారు, ఆ మిగిలినదాన్ని చూడటానికి ఇంకో రోజు టికెట్టు కొంటారు. మేము కొన్నాం.

మిగతావి కూడా అడుగుతున్నారు కాబట్టి. టెక్సాస్‌లో ఉండేవాళ్ళు కారేసుకుని శాన్ ఆంటోనియో వెళ్ళొచ్చు: సీవరల్డ్, ఫియెస్టా టెక్సాస్ పార్కులు, దారిలో శాన్ మార్కోస్ ఔట్‌లెట్లు, ఓపికుంటే కార్పస్ క్రిస్టీ బీచ్. ఒహాయోలోని సీడర్ పాయింట్ పార్కులో రోలర్ కోస్టర్లు అద్భుతం, పక్కనే బీచ్ కూడా, కాకపోతే అది సరస్సు. హవాయిలో ఇలాంటి థీమ్ పార్కులు లేవు, పిల్లలు ఒప్పుకోరు.

ఇక మావాళ్ళ ప్రశ్నకి జవాబు. జూన్ చివర నుంచి ఆగస్టు లోపల, పసిపిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్తుంటే అనాహైమ్, గేటుకి నడిచి వెళ్ళే హోటల్. బీచ్‌లో ఈతే ముఖ్యమంటే, లేదా పిల్లలు పదేళ్ళు దాటితే ఓర్లాండో. అయితే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తుపాన్ల జోరు ఎక్కువ, ఫ్లైటు, హోటలు క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే తీసుకోండి. స్కూలుకి నాలుగు రోజులు ఎగ్గొట్టించే ధైర్యముంటే డిసెంబరు మొదటి రెండు వారాల్లో ఓర్లాండో బాగుంటుంది. ఉక్క ఉండదు, రోజువారీ వాన ఉండదు, క్రిస్మస్ రద్దీ ఇంకా మొదలవదు. సముద్రంలో దిగే ఆశ మాత్రం వదులుకోవాలి.

మేము ఈ డిసెంబరుకి టికెట్లు చూస్తున్నాం. మామయ్యగారు ఈసారి రావట్లేదు, పాప మాత్రం నిన్న గోడ దగ్గర నిలబడి కొలిపించుకుంది. 45.