సైడ్ వీల్స్ స్కూటరా, చేతి కంట్రోల్ కారా?

పోలియో వల్ల నా కుడికాలు పనిచేయదు. వైజాగ్‌లో రెండూ నడిపాను.

ఖర్చు: స్కూటర్ కిట్ వేలల్లో. కారైతే లక్షలు, అదీ ఆటోమేటిక్ గేర్‌దే సుఖం.

నేర్చుకోవడం: స్కూటర్ వారంలో వచ్చేసింది. కారులో లివర్ తోస్తే బ్రేక్, లాగితే యాక్సిలరేటర్. అది చేతికి అలవాటయ్యేదాకా హనుమంతవాక జంక్షన్‌లో అరచేతులు చెమటలు పట్టేవి.

రిస్క్: సైడ్ వీల్స్ ఉంటే స్కూటర్ మలుపులో వాలదు. కాబట్టి సింహాచలం ఘాట్‌ మలుపుల్లో వేగం తగ్గించకపోతే బోల్తా పడుతుంది. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు, అందుకే చెబుతున్నాను.

కాగితాలు: రెండింటికీ మార్పును ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ పత్రంలో) ఎక్కించాలి. లెర్నర్స్ లైసెన్స్ 6 నెలలే చెల్లుతుంది.

ఒక్కరే, ఎంవీపీ కాలనీ నుంచి మద్దిలపాలెం దాకా, అంటే దగ్గర్లోనే అయితే స్కూటర్. వీల్‌చెయిర్, పిల్లలు, రోజూ గాజువాక అంత దూరం అయితే అప్పు చేసైనా కారే.