సైబర్‌పంక్ 2077 రివ్యూ: పీసీకి సైన్ ఆఫ్, పీఎస్4కి రిజెక్ట్

తీర్పు ముందే చెప్పేస్తాను. సైబర్‌పంక్ 2077 ఇప్పుడు చాలా మంచి గేమ్. మంచి పీసీ గానీ పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) గానీ ఉంటే సేల్ వచ్చినప్పుడు కొనేయండి. ఇంట్లో ఉన్నది పీఎస్4 ఒక్కటే అయితే వద్దు. 2020లో బగ్స్‌తో, అంటే సాఫ్ట్‌వేర్ తప్పులతో, వచ్చిన ఈ గేమ్ పడి లేచిన కథని చాలామంది మెచ్చుకుంటూ చెప్తుంటారు. నిజమే, లేచింది. కానీ పడ్డప్పుడు దాని కింద నలిగినవాళ్లు వేరు, లేచాక పండగ చేసుకున్నవాళ్లు వేరు. నేను రెండో గుంపు. మా బావమరిది మొదటి గుంపు.

నేను మడికొండ ఐటీ పార్కులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్‌ని. చూసేది బ్యాంకు అప్లికేషన్లే, గేమ్స్ కాదు. అయినా అలవాటు పోదు. కొత్త గేమ్ పెట్టగానే అందరూ భవనాల వైపు చూస్తారు, నేను గోడ మూలకి వెళ్లి తల లోపలికి దూరుతుందా అని చూస్తాను. కారుని ఇంకో కారుకి ఆనించి ఆపి, డోర్ తీసి దిగుతాను. ఎవరైనా సీరియస్‌గా మాట్లాడుతుంటే మధ్యలో వెళ్లిపోయి మళ్లీ వస్తాను. మా ఆవిడ దీన్ని ఆట అనదు, ఓవర్‌టైమ్ అంటుంది.

నా పీసీలో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. హన్మకొండలో మాది మేడ మీది గది, వేసవిలో పైకప్పు కాలిపోతుంటుంది, అందుకని సెకనుకి ఫ్రేమ్స్ 60 దగ్గర కట్టేసి గ్రాఫిక్స్ మీడియం, హై కలిపి పెట్టుకున్నాను. ఏ ఇబ్బందీ లేదు. పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్ స్టోర్‌లో నేను కొన్నప్పుడు అసలు ధర 2,999 రూపాయలు. నేను సేల్‌లో సగం కంటే తక్కువకే తీసుకున్నాను, ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ విడిగా కొన్నాను. పాత హార్డ్ డిస్క్‌లో వేసి ఆడదామనుకునేవాళ్లు ఆగండి. 2023లో కంపెనీ సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ పెంచింది. ఇప్పుడు 70 జీబీ ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ, 12 జీబీ ర్యామ్, కనీసం జీటీఎక్స్ 1060 కార్డు ఉండాలి.

ఇక ఆట సంగతి. నైట్ సిటీ అనే ఊరే ఈ గేమ్‌లో పెద్ద హీరో. రాత్రిపూట వాన పడుతుంటే జపాన్‌టౌన్‌లో బోర్డుల వెలుగు తడి రోడ్డు మీద కదులుతుంది. గేమ్ ఇచ్చిన పని పక్కన పెట్టి ఊరికే నడుచుకుంటూ తిరిగిన రాత్రులు ఉన్నాయి. మన పాత్ర పేరు వీ. తలలో ఇరుక్కున్న ఒక చిప్‌లో జానీ సిల్వర్‌హ్యాండ్ అనే చచ్చిపోయిన రాక్ గాయకుడు కాపురం పెడతాడు, ఆ వేషం వేసింది హాలీవుడ్ నటుడు కియాను రీవ్స్. వీడు ప్రతి పనికీ వంక పెడతాడు, సలహా అడక్కపోయినా ఇస్తాడు, కొన్నాళ్లకి వాడు లేని సీన్ బోసిగా అనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది అసలు కథ కాదు, డెలమేన్ అనే ట్యాక్సీ కంపెనీ. డ్రైవర్లు ఉండరు, మొత్తం ఒక ఏఐ నడుపుతుంది. దాని కార్లు కొన్ని మాట వినకుండా పారిపోతాయి, వాటిని వెతికి తిరిగి పంపడం మన పని. ఒక కారుకి ప్రాణం మీద విరక్తి, దాన్ని బుజ్జగించాలి. ఇంకో కారుకి ప్లాస్టిక్ ఫ్లెమింగో బొమ్మలంటే ఒళ్లు మంట, అవి కనిపిస్తే గుద్దేయమంటుంది. కూర్చుని ఫ్లెమింగోలు గుద్దాను. ఇంత డబ్బు పోసి తీసిన గేమ్‌లో ఇలాంటి తిక్క ఆలోచనకి చోటు దొరకడం ముచ్చటేసింది.

తగ్గిందేమిటంటే, మొదట్లో వీ ఎక్కడి నుంచి వచ్చాడో ఎంచుకోమంటారు. నోమాడ్, స్ట్రీట్ కిడ్, కార్పో అని మూడు దారులు. ఆ దారి ముగియడానికి ఎంతోసేపు పట్టదు, ఆ తర్వాత ముగ్గురూ ఒకటే రోడ్డెక్కుతారు. మాటల్లో అక్కడక్కడ ఒక ముక్క తేడా, అంతే. లాంచ్‌కి ముందు ఊరించిన తీరుకి ఇది చాలా తక్కువ, ఏ ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) వల్లా మారలేదు కూడా.

ఫాంటమ్ లిబర్టీ మాత్రం డబ్బుకి తగ్గ సరుకు. 2023 సెప్టెంబర్ 26న వచ్చింది. డాగ్‌టౌన్ అనే కొత్త పేట, ఇడ్రిస్ ఎల్బా వేసిన గూఢచారి సాలమన్ రీడ్, ఎవరిని నమ్మాలో తేలని కథ. దానికి కొన్ని రోజుల ముందే వచ్చిన 2.0 అప్‌డేట్ ఫాంటమ్ లిబర్టీ కొనకపోయినా ఉచితం. పెర్క్స్ (పాత్ర నేర్చుకునే నైపుణ్యాలు) అన్నీ తిరగరాశారు, పోలీసుల్ని మార్చేశారు. 2020లో తప్పు చేస్తే పోలీసులు గాల్లోంచి ఊడిపడ్డట్టు వెనకే ప్రత్యక్షమయ్యేవారు. ఇప్పుడు కార్లలో తరుముతారు, ఐదు స్టార్లు పడితే మ్యాక్స్‌టాక్ అనే ప్రత్యేక పోలీసు దళం దిగుతుంది. ఇక 2018 ట్రైలర్‌లో చూపించిన మెట్రో రైలు ఎక్కే వీలు 2.1 అప్‌డేట్‌తో 2023 డిసెంబర్‌లో వచ్చింది. మెట్రో నియో అంటూ వరంగల్‌కి చెప్పిన కబురు విని మనమూ కొన్నేళ్లయింది, మనకంటే నైట్ సిటీ వాళ్లే నయం.

ఇంతవరకు నేను చెప్పింది 2023 తర్వాతి గేమ్ గురించి. 2020 డిసెంబర్ 10న అమ్మింది ఇది కాదు.

సీడీ ప్రాజెక్ట్ రెడ్ పోలండ్ కంపెనీ. 2015లో విచర్ 3 తీసి, దానికి 16 చిన్న డీఎల్‌సీలు (అదనపు భాగాలు) ఉచితంగా ఇచ్చి, గేమర్ల పక్షాన నిలబడే కంపెనీ అని పేరు తెచ్చుకుంది. ఆ పేరు చూసే సైబర్‌పంక్‌కి 80 లక్షల ప్రీ-ఆర్డర్లు పడ్డాయి. ఏప్రిల్ 2020 అన్న డేట్ సెప్టెంబర్ అయింది, తర్వాత నవంబర్ అయింది. అక్టోబర్‌లో గేమ్ గోల్డ్ అయింది, అంటే డిస్క్‌లకి ఎక్కించడానికి సిద్ధం అని ప్రకటించి, మళ్లీ మూడు వారాలు వెనక్కి జరిపారు. పీఎస్4 లాంటి పాత కన్సోళ్ల మీద ఆశ్చర్యపోయేంత బాగా నడుస్తోందని నవంబర్‌లో ఇన్వెస్టర్లకి చెప్పారు. రివ్యూలు రాసేవాళ్లకి ముందుగా ఇచ్చింది పీసీ వెర్షనే, వాళ్లు సొంతంగా తీసిన వీడియో చూపించకూడదని షరతు కూడా. దానితో పీఎస్4లో ఎలా ఉంటుందో డబ్బులు కట్టినవాళ్లు విప్పి చూస్తే గానీ తెలియలేదు. బొమ్మలు మసక, ఫ్రేమ్స్ పడిపోవడం, గేమ్ మధ్యలో మూసుకుపోవడం. వారం తిరిగేసరికి సోనీ ఆ గేమ్‌ని ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసి రీఫండ్లు మొదలుపెట్టింది. తిరిగి పెట్టింది 2021 జూన్ 21న, అదీ పీఎస్4 ప్రో మీద ఆడితే మేలని చెప్పి మరీ.

నన్ను ఇప్పటికీ గుచ్చేది ఇదేదీ కాదు. 2021 జనవరిలో కంపెనీ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో క్షమాపణ చెప్పాడు. గేమ్‌ని ముందు పీసీలో గొప్పగా కనిపించేలా చేసి, తర్వాత పాత కన్సోళ్లకి సర్దామని, ఆ పని ఎంత పెద్దదో తక్కువ అంచనా వేశామని ఒప్పుకున్నాడు. అక్కడితో ఆపితే బాగుండేది. మీరు ఎదుర్కొన్న సమస్యల్లో చాలా భాగం మా టెస్టింగ్‌లో కనిపించలేదు అనే అర్థం వచ్చే మాట కూడా అన్నాడు. కొద్ది రోజులకే బ్లూమ్‌బర్గ్ కథనంలో అక్కడ పనిచేసినవాళ్లు ఇంకోలా చెప్పారు. చాలా బగ్స్ దొరికాయట, సరిచేసే టైమే ఇవ్వలేదట.

ఈ రెండు మాటల్లో ఏది నమ్మాలో ఏ టెస్టర్‌ని అడిగినా చెప్తాడు. బగ్ రైజ్ చేస్తాం. సివియారిటీ వన్, అంటే అన్నిటికంటే తీవ్రం అని పెడతాం. గో-లైవ్ (విడుదల) దగ్గరపడే కొద్దీ అది టూ అవుతుంది, ఆఖరి మీటింగ్‌లో డిఫర్డ్ (తర్వాత చూద్దాం) అవుతుంది. ప్రొడక్షన్‌లో (జనం వాడేచోట) పేలాక "టెస్టింగ్‌లో ఎందుకు పట్టుకోలేదు" అనే మెయిల్ మాకే వస్తుంది. పీఎస్4 స్లిమ్ మీద గేమ్ పెట్టి పది నిమిషాలు కారు నడిపితే కనిపించేవాటిని పట్టుకోవడానికి టెస్టర్ కూడా అక్కర్లేదు. తప్పనిసరి ఓవర్‌టైమ్ ఉండదని మాట ఇచ్చి, చివర్లో వారానికి ఆరు రోజులు పని చేయించిన కంపెనీ అది. ఆ ఆరో రోజు కూడా ఆఫీసుకి వచ్చినవాళ్ల మీదికి నెపం జారిపోయేలా మాట్లాడటం నాకు బగ్స్ కంటే పెద్ద తప్పుగా కనిపించింది. 2.0 ఎంత బాగున్నా ఆ మాట మాత్రం ప్యాచ్ కాలేదు.

మా బావమరిదికి నక్కలగుట్టలో చిన్న గేమింగ్ పార్లర్ ఉండేది. గంట లెక్కన ఫిఫా, టెక్కెన్ ఆడే పిల్లలు వచ్చేవాళ్లు. లాక్‌డౌన్ తర్వాత మళ్లీ తెరిచిన కొత్తలో, సైబర్‌పంక్ పెడితే కాలేజీ పిల్లలు చూడ్డానికైనా వస్తారని ఆశపడ్డాడు. మన దేశంలో పీఎస్5 అధికారికంగా వచ్చింది 2021 ఫిబ్రవరి 2న. అంటే ఈ గేమ్ రిలీజ్ అయిన రోజున ఇక్కడి ప్లేస్టేషన్ వాళ్లకి పీఎస్4 తప్ప వేరే దారి లేదు. హైదరాబాద్‌లో ఒక షాపులో పీఎస్4 డిస్క్‌ని, కొంత తగ్గుతుందని బిల్లు లేకుండా కొన్నాడు. పెట్టె మాత్రం కళకళలాడింది. రెండు బ్లూ-రేలు, మ్యాప్, పోస్ట్‌కార్డులు, స్టిక్కర్లు.

రీఫండ్ల గొడవ మొదలయ్యాక ఆ షాపుకి ఫోన్ చేస్తే సీల్ తీసింది వాపస్ తీసుకోం అన్నారు. సీడీ ప్రాజెక్ట్ నేరుగా డబ్బులిస్తామని ఒక ఈమెయిల్ అడ్రస్ ఇచ్చింది, 2020 డిసెంబర్ 21 వరకు గడువు, కొన్న రుజువు చూపించాలి. "రుజువు ఏం చూపియ్యాలె బావా, స్టిక్కర్ చూపియ్యాల్నా?" అన్నాడు. ఆ స్టిక్కర్ అప్పటికే వాడి స్కూటీకి అతికించి ఉంది. ఆ ఈమెయిల్ దారిలో ప్రపంచం మొత్తం మీద డబ్బులు వాపస్ తీసుకున్నది దాదాపు 30 వేల మందే. మొదటి పది రోజుల్లో అమ్ముడైనవి, రీఫండ్లు తీసేసి లెక్కేసినా, కోటీ 30 లక్షల పైనే.

2.0 అప్‌డేట్, ఫాంటమ్ లిబర్టీ పీఎస్4కి రాలేదు. పీసీ, పీఎస్5, కొత్త ఎక్స్‌బాక్స్‌లకే ఇచ్చారు. పీఎస్4కి వచ్చిన ఆఖరి పెద్ద అప్‌డేట్ 1.6. సాంకేతికంగా న్యాయమే, ఆ మిషన్ మొయ్యలేదు. అయితే మొయ్యలేని మిషన్‌కి 2020లో అమ్మింది ఎందుకు? 2022 స్టీమ్ అవార్డుల్లో, ఎప్పటికప్పుడు శ్రద్ధగా మెరుగుపరిచిన గేమ్‌కి ఇచ్చే లేబర్ ఆఫ్ లవ్ బహుమతి సైబర్‌పంక్‌కే వచ్చింది. ఓట్లేసింది పీసీ వాళ్లం. మా ఆఫీసులో గో-లైవ్ కూలిపోయి, మూడేళ్లకి సరిచేస్తే క్లయింట్ చప్పట్లు కొడతాడా అని మా టీమ్‌లో నవ్వుకున్నాం.

ఆ మూడేళ్లు దొరకడం కూడా అమ్మకాల డబ్బు చేతిలో ఉండబట్టే. 2023 మేలో రెడ్‌ఫాల్ అనే గేమ్ అలాగే అరకొరగా వచ్చింది. ఏడాది తిరిగేసరికి దాన్ని తీసిన ఆర్కేన్ ఆస్టిన్ స్టూడియోని మైక్రోసాఫ్ట్ మూసేసింది. యాంథమ్ అనే ఇంకో గేమ్‌ని తిరగరాస్తామని మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. మరి నో మ్యాన్స్ స్కై అనే గేమ్ తీసిన హలో గేమ్స్ చిన్న టీమే, ఏళ్ల తరబడి ఉచిత అప్‌డేట్లు ఇచ్చి నిలబడింది. అందుకే ఏ కంపెనీ లేస్తుందో ముందే పందెం కాయలేం, డబ్బులు మాత్రం ముందే కట్టేస్తాం.

సీడీ ప్రాజెక్ట్ కొత్త విచర్ గేమ్ తీస్తోంది, ఈసారి సొంత ఇంజిన్ (గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వదిలేసి అన్‌రియల్ ఇంజిన్ 5 మీద. నేను కొంటాను. రిలీజ్ రోజున కాదు, మొదటి పెద్ద ప్యాచ్ తర్వాత. నేను ఆడే మిషన్ లాంటి దాని మీద ఎవరైనా ఆడిన వీడియో చూశాకే.

సైబర్‌పంక్‌కి వస్తే, సేల్‌లో పీసీ వెర్షన్, ఫాంటమ్ లిబర్టీతో కలిపి తీసుకోండి. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 ఉంటే ఇంకో దారి ఉంది: పీఎస్4 డిస్క్ పెడితే పీఎస్5 వెర్షన్‌కి అప్‌గ్రేడ్ ఉచితం, కాబట్టి సెకండ్ హ్యాండ్ డిస్క్ అయినా పనికొస్తుంది. డిజిటల్ ఎడిషన్ పీఎస్5లో డిస్క్ పెట్టే చోటే ఉండదు, చూసుకోండి. మా బావమరిది డిస్క్ అమ్మకానికి ఉంది. పెట్టె, మ్యాప్, పోస్ట్‌కార్డులు ఉన్నాయి, స్టిక్కర్లు లేవు, బిల్లు ఎలాగూ లేదు.