రాడార్ సంకేతాలకు ఏ ప్రాసెసర్ అమరిక మేలు?

రాడార్ రిసీవర్ నుంచి డేటా ఎంత వేగంగా వస్తుందో అంతే వేగంగా లెక్క సాగకపోతే బఫర్లు నిండిపోయి, ప్రతిధ్వనులను వదిలేసుకోవలసి వస్తుంది. కనుక అనేక ప్రాసెసర్లు కావాలన్న విషయంలో వివాదం లేదు. వాటిని ఎలా పేర్చాలన్న దగ్గరే సిస్టాలిక్, వేవ్‌ఫ్రంట్, జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) అనే మూడు దారులు కనిపిస్తాయి.

1978లో హెచ్.టి. కుంగ్, చార్లెస్ లైజర్సన్ ప్రతిపాదించిన సిస్టాలిక్ ఎరేలో ప్రతి సెల్ ఒక పక్క నుంచి విలువను తీసుకుని, గుణించి, కూడి, మరో పక్కకు అందిస్తుంది. మాటిమాటికీ మెమరీని తాకనక్కరలేదు. దీని అసలు బలం, అందిన సంకేతాలను బట్టి యాంటెన్నాల దృష్టి దిశను మలిచే అడాప్టివ్ బీమ్‌ఫార్మింగ్‌లో తెలుస్తుంది. జామర్ (రాడార్‌ను అడ్డుకునే ప్రసారిణి) ఉన్న దిశను అణచివేసే వెయిట్ల (ఒక్కో రిసీవర్ ఛానెల్‌ను గుణించే సంఖ్యల) కోసం ఛానెళ్ల మధ్య సంబంధాన్ని చూపే కోవేరియన్స్ మాత్రికను కట్టి దాని విలోమం కనుక్కుంటే సంఖ్యల కచ్చితత్వం బాగా దెబ్బతింటుంది. నేరుగా డేటా మీదనే క్యూఆర్ విభజన (మాత్రికను ఒక లంబ, ఒక త్రిభుజ మాత్రికల లబ్ధంగా విడదీయడం) చేస్తే ఆ నష్టం తగ్గుతుంది, ఆ విభజన త్రిభుజాకారపు ఎరేలో చక్కగా ఇముడుతుంది. 16 ఛానెళ్లకు 136 సెల్‌లు చాలు, 64 ఛానెళ్లకు మాత్రం 2,080 కావాలి. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది: ప్రతి సెల్ తన పాత విలువను సవరించుకున్నాకే కొత్త నమూనాను తీసుకోగలదు కాబట్టి, ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్లు ఎంత లోతైన పైప్‌లైన్‌తో (లెక్కను వరుస దశలుగా విడగొట్టే అమరికతో) ఉన్నా వాటిలో చాలా దశలు ఖాళీగా ఉండిపోతాయి. వేర్వేరు డాప్లర్ బిన్‌ల (లక్ష్యాల వేగాన్ని బట్టి విడదీసిన భాగాల) లెక్కలను ఒకే ఎరేలో ఒకదాని వెంట ఒకటిగా కలిపి పంపితే ఆ ఖాళీ నిండుతుంది. కాగితం మీది పటంలో ఈ ఇబ్బంది కనిపించదు.

వేవ్‌ఫ్రంట్ ఎరే కూడా ఇదే అల్లిక, కానీ ఉమ్మడి క్లాక్ ఉండదు. డేటా అందిన సెల్ పని మొదలుపెడుతుంది. వర్గమూలం, భాగహారం చేసే కర్ణం మీది సెల్‌లు నెమ్మదిగా ఉంటాయి గనుక ఈ స్వేచ్ఛ ఆకర్షణీయమే. అయితే ఒకే చిప్‌లో క్లాక్ పంపిణీ పెద్ద సమస్య కాదు. ఎరే అనేక బోర్డులకు విస్తరించినప్పుడే హ్యాండ్‌షేక్ (సెల్‌లు పరస్పరం సిద్ధమని చెప్పుకునే పద్ధతి) ఖర్చుకు తగిన ఫలితం దక్కుతుందని నా అభిప్రాయం.

ఒకే ఆదేశాన్ని వేల యూనిట్లకు ఒకేసారి ఇచ్చే పద్ధతి పాతదే: 1983లో నాసాకు చేరిన గుడ్‌ఇయర్ ఎంపీపీలో 16,384 ఒక్క బిట్ ప్రాసెసర్లు ఉండేవి. నేటి జీపీయూ దానికి దగ్గరి బంధువు. పల్స్‌ల నుంచి లక్ష్యాల వేగాన్ని రాబట్టే డాప్లర్ ఎఫ్‌ఎఫ్‌టీ లెక్కకు ఇది సహజంగా సరిపోతుంది, ఎందుకంటే ఒక్కో రేంజ్ గేట్ (దూరపు ముక్క) లెక్క విడిగా నడుస్తుంది. అసలు పరీక్ష గుణకారాలు కాదు, కార్నర్ టర్న్, అంటే మెమరీలోని డేటా వరుసను మార్చడం. 1,024 రేంజ్ గేట్లు, 128 పల్స్‌లు, 16 ఛానెళ్లు అనుకుంటే, ఒక్కో సంకీర్ణ నమూనాకు 8 బైట్ల చొప్పున 16 మెగాబైట్ల డేటా ఘనం (మూడు కొలతల పట్టిక) అవుతుంది. రేంజ్ వరుసలో రాసిన దానిని పల్స్ వరుసలో చదవాలి. అంకగణితం ఏమీ జరగకుండానే మెమరీ బ్యాండ్‌విడ్త్ కరిగిపోతుంది. సెకనుకు ఇన్ని లక్షల కోట్ల క్రియలు అని చెప్పే ప్రకటనలు ఈ దశ గురించి ఏమీ చెప్పవు.

మోడ్‌లు స్థిరపడి, విద్యుత్తుకూ ఆలస్యానికీ కఠినమైన హద్దులున్న రాడార్‌లో పొడవైన పల్స్ ప్రతిధ్వనిని కుదించే పల్స్ కంప్రెషన్‌నూ వెయిట్ల లెక్కనూ ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక కూడా సర్క్యూట్‌ను మార్చుకోగల చిప్) మీద సిస్టాలిక్‌గా కట్టడమే మేలు. వేవ్‌ఫారమ్‌లూ అల్గారిథమ్‌లూ ఇంకా మారుతూ ఉంటే జీపీయూనే ఎంచుకుంటాను. లక్ష్యాలను గుర్తించాక మొదలయ్యే ట్రాకింగ్‌లో షరతులు, శాఖలు ఎక్కువ. దానిని ఈ మూడింటిలో దేనికీ అప్పగించకుండా సాధారణ మల్టీకోర్ ప్రాసెసర్‌కు వదిలేయడం మంచిది.